కంఠస్థానికి రెండు కొలమానాలా? : కోనసీమ మదర్సా విద్య – తెలుగు పరిశోధన

కోనసీమ సాంస్కృతిక చరిత్రను రాసే పరిశోధకులెవరూ వేదాధ్యయనాన్ని విస్మరించరు, విస్మరించకూడదు కూడా. ఇక్కడి అగ్రహారాల్లో తైత్తిరీయ శాఖను నిలిపిన కుటుంబాలపై డేవిడ్ నైప్ 'వేదిక్ వాయిసెస్' (2015) అనే గ్రంథమే రాశారు. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవాళి మౌఖిక వారసత్వంగా గుర్తించింది. అయితే అదే అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల ముస్లిం పిల్లవాడు మక్తబ్‌లోనో మదర్సాలోనో ఖురాన్ వల్లించే సందర్భం వచ్చేసరికి మన పరిభాష మారిపోతుంది. క్రమ, జట, ఘన పాఠాలు 'మౌఖిక సంప్రదాయం' అవుతాయి. హిఫ్జ్ మాత్రం 'అర్థం తెలియని బట్టీ' అవుతుంది. ఈ ద్వంద్వ ప్రమాణం శాస్త్రీయం కాదన్నదే ఈ వ్యాసం వాదన.

హిఫ్జ్ అంటే 114 సూరాల ఖురాన్‌ను ఆద్యంతం ధారణ చేయడం. ధారణ ఒక్కటే చాలదు. తజ్వీద్ నియమాలననుసరించి ప్రతి వర్ణాన్నీ దాని మఖ్రజ్ నుంచి, అంటే ఉచ్చారణ స్థానం నుంచి పలకాలి. తెలుగు చెవికి 'స'గా వినిపించే సీన్, సాద్, సే అరబ్బీలో మూడు వేర్వేరు వర్ణాలు. తెలుగు వాతావరణంలో పెరిగిన పిల్లవాడు ఆ భేదాన్ని ఎలా సాధిస్తున్నాడన్నది ధ్వనిశాస్త్ర పరిశోధనకు తగిన అంశం కాదా? శిక్షా గ్రంథాల్లోని స్థాన, కరణ, ప్రయత్న చర్చను ఆదరించే మనం తజ్వీద్‌లో అదే చర్చను ఎందుకు చూడలేకపోతున్నాం?

పై తరగతుల సంగతీ ఇంతే. లక్నోలోని ఫరంగీ మహల్‌లో 18వ శతాబ్దంలో ముల్లా నిజాముద్దీన్ రూపొందించిన దర్స్-ఎ-నిజామీ పాఠ్యప్రణాళికలో వ్యాకరణం, తర్కం, బలాగత్ ఉన్నాయి. బలాగత్‌లోని మఆనీ, బయాన్, బదీ శాఖలు ఉపమ, రూపకం, లక్షణ, శబ్దాలంకారాలతో నేరుగా పోల్చదగినవి. తులనాత్మక కావ్యశాస్త్రం పేరుతో అరిస్టాటిల్ వరకు వెళ్లే మన సిద్ధాంత వ్యాసాలు తఫ్తాజానీ దగ్గర ఆగవు.

మదర్సా భాష తెలుగు కాదన్న ఆక్షేపణ రావచ్చు. వేదభాష కూడా తెలుగు కాదు. పైగా హక్కు, జవాబు, వకీలు, తర్జుమా, కలం వంటి మాటలను అన్యదేశ్యాల పట్టికలో చేర్చే మనం, ఆ మాటల మూలభాషను తరతరాలుగా బోధించిన విద్యావ్యవస్థను పట్టించుకోం. కోనసీమకు చేరువలోని పిఠాపురంలో సూఫీ పీఠాధిపతి ఉమర్ ఆలీషా (1885–1945) అరబ్బీ, పారసీ, సంస్కృత పాండిత్యంతో తెలుగులో కావ్యరచన చేశారు. ఆయనను మినహాయింపుగా పొగిడి ఊరుకోవడం సులభం. ఆ పాండిత్యాల కలయికను పరిశీలించడమే కష్టం.

ఇది మదర్సాలను విమర్శకు అతీతంగా నిలిపే వాదన కాదు. అక్కడ పాఠవివరణ ప్రధానంగా ఉర్దూలో సాగుతుంది. అక్కడ చదివిన ఆలిం రేపు తెలుగు ఊళ్లలో తెలుగువారికే ధర్మబోధ చేయాలి. తెలుగు చదవడం, రాయడం పట్టుబడకపోతే నష్టపోయేది అతడూ, అతని శ్రోతలూ. ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలి కృషి మదర్సా పండితులది కాదు, 'ఆంధ్రభాషా చరిత్రము' రాసిన చిలుకూరి నారాయణరావుది. ఈ వాస్తవం మదర్సాలకూ ప్రశ్నే, మనకూ ప్రశ్నే.

వేదపాఠశాలా మదర్సా ఒకటేనని కూడా అనడం లేదు. మొదటిదానిలో ప్రవేశాన్ని సంప్రదాయం జన్మతో ముడిపెట్టింది. రెండోదానికి చాలామందిని పేదరికం నడిపించింది. కానీ 2009 నాటి విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఈ రెంటినీ ఒకే ఉపవిభాగంలో పేర్కొని, చట్టపరిధి నుంచి తప్పించింది. మనం పొగడ్తతో, తిరస్కారంతో విడదీసిన పిల్లలను చట్టం కలిపి వదిలేసింది. ఆ ఇద్దరి తెలుగు చదువుకూ పూచీ ఎవరిదన్న ప్రశ్న తెలుగు శాఖలది కాక మరెవరిది?

కనుక శిక్షాశాస్త్రాన్ని బోధించే తరగతిలో తజ్వీద్‌కూ, అలంకారశాస్త్ర పాఠంలో బలాగత్‌కూ చోటు కల్పించాలి. కోనసీమ మక్తబ్‌లలో క్షేత్ర పరిశోధనకు అంశాలు కేటాయించాలి. వినకుండానే 'బట్టీ' అని తేల్చడం పరిశోధన కాదు. ముందు వెళ్లి వినాలి.