మేం అనాథలం ఎట్లా అయ్యాం?

ఎవరో పెద్దమనిషి కొడుకు పుట్టినరోజు వస్తే మీ ఫోన్‌లో ఒక ఫొటో కనబడుతుంది. నేల మీద వరసగా పిల్లలు, మధ్యలో కేకు, వెనక ఫ్లెక్సీ. "అనాథ పిల్లలతో వేడుకలు" అని కింద రాసి ఉంటుంది. మీరు లైక్ కొట్టే ఉంటారు. ఆ వరసలో పదేళ్లు కూర్చున్నవాణ్ణి, కాబట్టి చెప్తున్నా. ఈసారి ఎప్పుడైనా అక్కడికి పోతే కేకు పక్కన పెట్టి, "మీ గూడెం ఏది, మీ మేనమామ పేరేంటి" అని ఒక్కొక్కర్నీ అడగండి. మన పిల్లల్లో చాలామంది చెప్తారు. మరి అనాథలెట్లా అయ్యారు?

నాకు ఎనిమిదో ఏట అమ్మ పోయింది. ఏడాది తిరక్కుండా నాన్న. ఇద్దరికీ జ్వరాలే. దినాలైన వారానికే జీపులో ఎవరో వచ్చారు. చదివిస్తాం, మూడు పూటలా అన్నం పెడతాం అన్నారు. మా మామకి అప్పటికే నలుగురు పిల్లలు. ఏడ్చుకుంటూనే కాగితం మీద వేలిముద్ర వేశాడు. పద్దెనిమిదేళ్లు నిండి బయటికొచ్చేటప్పుడు ఆ ఫైలు చూశా. "బంధువులు ఎవరూ లేరు" అని ఉంది. దాని కిందనే మా మామ వేలిముద్ర!

అక్కడ అన్నం పెట్టారు, బడికి పంపారు. డిగ్రీ దాకా వచ్చానంటే అందులో వాళ్ల పాలు ఉంది, కాదనను. కానీ కోయ మాట్లాడితే వార్డెన్ కసిరేవాడు. రెండేళ్లకే మాట పోయింది. తిరిగి గూడెం వచ్చిన రోజు నాయనమ్మ నా మొహం తడుముతూ ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. పక్కన మా మామ చిన్న కూతురు తెలుగులోకి మార్చి చెప్పింది. "అన్నం తిన్నావా" అని అడిగిందట. నాయనమ్మ అన్నం తిన్నావా అంటే అర్థం కావడానికి నాకు మధ్యలో మనిషి కావాల్సి వచ్చింది. ఈ నష్టాన్ని ఏ ఆఫీసులో ఏ కాలమ్‌లో రాస్తారో మీరే చెప్పండి.

మన కోయోళ్లలో పుట్టిన బిడ్డకి గట్టు ఉంటది, ఇంటిపేరు ఉంటది, వేల్పు ఉంటది. నువ్వెవరంటే ముందు ఏ గట్టు అని అడుగుతారు. ఎవరు అన్నదమ్ములు, ఎవరు వరసైనవాళ్లు అన్నది అందులోనే తేలుద్ది. నేను ఇరవై ఏళ్లొచ్చాక తెలుసుకున్నా, పోటీపరీక్షకి బిట్లు బట్టీ పట్టినట్టు.

కులధ్రువీకరణ పత్రం సంగతి ఇంకొకటి. హోమ్ అడ్రసు పట్నంలో, తండ్రి చనిపోయాడు, ఆయన సర్టిఫికెట్టూ లేదు. నువ్వు ఎస్టీవని రుజువేంటి అన్నారు. పత్రం లేకపోతే సీటు లేదు, స్కాలర్‌షిప్ లేదు.

ఇక భూమి. నాన్న పేరు మీద పోడు పట్టా ఉంది. 2006 అటవీహక్కుల చట్టం ప్రకారం ఆ హక్కు వారసులకి వస్తది, అమ్మడానికి ఇవ్వడానికి లేదు. 1/70 చట్టం ప్రకారం మన ఏజెన్సీలో గిరిజనేతరుడికి కౌలుకిచ్చినా చెల్లదు. నేను వచ్చి చూస్తే మా చేలో పత్తి ఉంది, వేసింది షావుకారు. బిడ్డ హోమ్‌లో ఉంటే చేను ఎవరికి సుఖమో లెక్క కట్టుకోండి. దీంట్లో మన చుట్టాల చేతులు కూడా ఉన్నాయి, దాచను.

చట్టం ఏమంటోంది? 2015 బాలల న్యాయ చట్టం పిల్లల్ని సంస్థలో పెట్టడం చిట్టచివరి దారి అంటోంది. మిషన్ వాత్సల్య కింద, చుట్టాల దగ్గర పెరిగే తల్లిదండ్రుల్లేని బిడ్డకి నెలకి 4,000 రూపాయలు ఇవ్వొచ్చు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. నా చిన్నప్పుడు ఈ పథకం లేదు. ఇప్పుడుంది. మన గూడేల్లో ఎంతమందికి తెలుసు? జీపు మాత్రం అన్ని గూడేలకీ తెలుసు.

అమెరికాలో కూడా ఆదివాసీ పిల్లల్ని ఇట్లాగే ఇళ్ల నుంచి తీసుకుపోయారు. వాళ్లు కొట్లాడితే 1978లో చట్టం వచ్చింది. బిడ్డని పెంచడానికి ముందు చుట్టాలు, తర్వాత తెగ, తర్వాతే బయటివాళ్లు. దాన్ని 2023లో అక్కడి సుప్రీంకోర్టు కూడా నిలబెట్టింది. మనకి 1996 పెసా చట్టం ఉంది. మన ఆచారాన్ని, ఉనికిని కాపాడే హక్కు గ్రామసభకి ఉందని అది చెప్తోంది. గూడెం నుంచి బిడ్డని తీసుకుపోతుంటే గ్రామసభని ఎందుకు అడగరు?

మనల్ని మనం కూడా అడుగుదాం. పోడు కోసం ధర్నా చేస్తాం, పట్టాల లిస్టు రాస్తాం. గూడెం నుంచి హోమ్‌లకి పోయిన పిల్లల లిస్టు ఏ సంఘం దగ్గరుంది? మా సంఘం దగ్గర కూడా లేదు. ఈ నెల నుంచి రాస్తున్నాం: బిడ్డ పేరు, గట్టు, ఎవరు తీసుకుపోయారు, తండ్రి పట్టా ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉంది. మీ గూడెంలో మీరు రాయండి.

పోయిన నెల పక్క గూడెంలో ఇద్దరు ఆడపిల్లలకి తల్లి కూడా పోయింది. వాళ్ల పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, "జీపు వచ్చిందయ్యా, ఏం చెయ్యమంటవ్" అంది. సంతకం పెట్టొద్దన్నా. జిల్లా బాలల పరిరక్షణ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. పిల్లలు పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నారు, కోయలోనే కొట్లాడుకుంటున్నారు. నాలుగు వేలు ఇంకా పడలేదు. జీపు మాత్రం మొన్న మళ్లీ వచ్చి పోయింది.