సైనికుని చేతికి నాగలి: పాదాంశ క్రమమే మేలు

2004వ సంవత్సరంలో ఒక ఉదయం నా చికిత్సాలయానికి ఒక మాజీ హవల్దారు వచ్చారు. వారిది ప్రకాశం జిల్లాలోని ఒక మెట్ట గ్రామం, వయస్సు నలభై మూడు. రాత్రులు నిద్ర పట్టడం లేదనీ, భోజనం చేయగానే ఛాతీలో మంట పుడుతున్నదనీ, ఉదయం లేవగానే మోకాళ్ళు బిగుసుకుపోతున్నాయనీ చెప్పారు. నాడి చూశాను, నాలుక చూశాను. ఔషధం వ్రాయబోయే ముందు, "ప్రస్తుతం ఏం చేస్తున్నారండీ?" అని అడిగాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "అప్పు తీరుస్తున్నానండి" అన్నారు.

విషయమేమంటే, ఇరవై రెండేళ్ళు సైన్యంలో పనిచేసి ఇంటికి వచ్చిన ఆయన చేతిలో కొంత సొమ్ము, ఊరిలో పిత్రార్జితమైన నాలుగెకరాల పొలం ఉన్నాయి. ఆ రోజులలో సఫేద్ ముస్లీ పంటను గురించి పెద్ద ప్రచారం జరుగుతుండేది. ఒక సంస్థవారు వచ్చి, దుంపలు మేమే ఇస్తాము, పంట మేమే కొంటాము అని కాగితం వ్రాసి ఇచ్చారు. ఆయన చేతిలో ఉన్నదంతా పెట్టి, చాలక అప్పు తెచ్చి, ఒక్కసారిగా రెండెకరాలలో నాటారు. వానలకు నీరు నిలిచి సగం దుంప కుళ్ళిపోయింది. మిగిలినది తవ్వుకొని వెళ్ళేసరికి సంస్థవారి కార్యాలయానికి తాళం వేసి ఉంది. ఆ తరువాత ఆయన పట్టణంలో ఒక అపార్టుమెంటు వద్ద రాత్రి కాపలాదారుగా కుదురుకున్నారు.

పాఠక మహాశయులారా! ఈ వ్యాధికి నిదానం ఎక్కడ ఉన్నది? జీర్ణాశయంలోనా, మోకాళ్ళలోనా? ఆ రెంటిలోనూ కాదని నా అభిప్రాయం. అందుకే ఈసారి చిట్కాలకు బదులు, ఈ పుటలలో సాధారణంగా కనిపించని ఒక విషయాన్ని గురించి వ్రాస్తున్నాను.

మన సైన్యంలో సిపాయిగా చేరినవారు చాలామంది పదిహేను, పదిహేడు సంవత్సరాల సేవ ముగించుకొని, ముప్పై అయిదు నుంచి నలభై ఏళ్ళ లోపుననే ఇంటికి చేరుకుంటారు. అంటే ఇతర ఉద్యోగులు సగం దారిలో ఉండే వయస్సులో వీరి ఉద్యోగం ముగుస్తుంది. శరీరంలో బలమున్నది, పిల్లల చదువులు ముందున్నవి. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పద్ధతిలో చేరినవారి సంగతి ఇంకా సున్నితమైనది. నాలుగేళ్ళ తరువాత నూటికి ఇరవై అయిదుగురి వరకే కొనసాగింపు. తక్కినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, పింఛను లేకుండా ఇంటికి వస్తారని ఆనాటి ప్రకటన. 2022 చివర, 2023 ఆరంభంలో చేరిన తొలి బృందాలకు నాలుగేళ్ళు నిండేది 2026 చివర, 2027 ఆరంభంలో. అప్పటికి వారిలో చాలామంది వయస్సు పాతికేళ్ళయినా దాటదు.

వీరికి సమాజం చూపే దారి ఏది? తుపాకీ పట్టిన చేతికి కాపలా కర్ర. మీ అపార్టుమెంటు గేటు వద్ద, మీరు డబ్బు తీసుకునే బ్యాంకు ముందర స్టూలు మీద కూర్చున్నవారిని ఒకసారి పలకరించి చూడండి. ఆ వృత్తిని నేను చులకన చేయడం లేదు. కాని వైద్యునిగా చెప్పవలసినది చెప్పాలి. రాత్రి జాగరణం వాతాన్ని పెంచి దేహాన్ని రూక్షం చేస్తుందని మన శాస్త్రం. వ్యాయామం ఆగిపోయి, సైన్యంలో అలవాటైన ఆకలి మాత్రం అలాగే నిలిచిపోతే, మేదస్సు, ఆ వెంటనే ప్రమేహం వచ్చి కూర్చుంటాయి. నా వద్దకు వచ్చిన మాజీ సైనికులలో పెక్కుమంది కథ ఇదే. పగలు ఎండలో తిరిగి, రాత్రి నిద్రపోయే వృత్తి వీరి దేహానికి సాత్మ్యం. వ్యవసాయం అటువంటి వృత్తి.

ఇక రెండవ కారణం నా స్వార్థమనుకున్నా ఫరవాలేదు. చికిత్సకు నాలుగు పాదాలని చరకాచార్యులు చెప్పారు. వైద్యుడు, ద్రవ్యం, పరిచారకుడు, రోగి. నేడు ఆ రెండవ పాదం కుంటుతున్నది. అశోక పట్ట కావాలంటే నరమామిడి పట్ట వస్తుంది. మిరియాలలో బొప్పాయి గింజలు కలుస్తున్నాయన్నది మీ వంటింటికే తెలుసు. 1970వ దశకంలో నేను గురువుగారి ఇంట ఉండి చదువుకున్న రోజులలో, ఏ మూలిక ఏ నేలలో పుట్టినది, ఏ ఋతువులో తవ్వినది అని అడగకుండా ఆయన దానిని ముట్టేవారు కాదు. భూమి పరీక్షను గురించి సుశ్రుతులవారు ఒక అధ్యాయమే వ్రాశారు. అటువంటి శ్రద్ధతో, వేళ తప్పకుండా, లెక్క తప్పకుండా పండించేవారు మాకు కావాలి. పరికరాన్ని రోజూ తుడిచి పెట్టుకోవడం, చేసిన పనిని పుస్తకంలో వ్రాయడం, పదిమందితో కలిసి నడవడం ఎవరికి అలవాటు? సైనికునికే కదా!

ఇది కేవలం ఊహ కాదు. సున్నపురాయి తవ్వకాలతో బోడులైపోయిన ముస్సోరీ కొండలను మళ్ళీ పచ్చగా చేయడానికి 1982లో మాజీ సైనికులతోనే టెరిటోరియల్ ఆర్మీలో ఒక పర్యావరణ దళాన్ని ఏర్పాటు చేశారు. రాయి తేలిన ఆ వాలులలో వారు మొక్కలు నాటి బ్రతికించారు. మన పశ్చిమ గోదావరిలో, రెండు ప్రపంచ యుద్ధాలకూ బిడ్డలను పంపి మిలిటరీ మాధవరంగా పేరుపొందిన గ్రామం ఉన్నది. చుట్టూ పైరు, ఇంటింటా సైనికుడు. ఈ రెండూ ఒక ఇంటిలో ఇమడవని ఎవరనగలరు?

అయితే భూమి ఇచ్చినంత మాత్రాన సరిపోదు. 1969 నుంచి గ్రేట్ నికోబార్ ద్వీపంలో మాజీ సైనిక కుటుంబాలకు భూములిచ్చి స్థిరపరచారు. వారు అడవిని సాగులోకి తెచ్చి కొబ్బరి, పోక తోటలు వేసుకున్నారు. కాని బజారుకు సముద్రం అడ్డు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తీరంలోని ఆ శ్రమలో చాలా భాగాన్ని తుడిచిపెట్టింది. నేల, నీరు, బజారు, ఆపదలో ఆసరా, ఈ నాలుగూ కలిస్తేనే సేద్యం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. "తరతరాల రైతే అప్పులలో ఉంటే, సైనికుణ్ణి అందులోకి దింపడం న్యాయమా?" అని. న్యాయమైన ప్రశ్న. దానికి నా సమాధానం పాదాంశ క్రమం.

చాలాకాలం అభ్యాసమైనది, అది అహితమైనా, ఒంటికి ఓకసాత్మ్యమై కూర్చుంటుంది. దానిని ఒక్కసారిగా మానితే కొత్త రోగాలు పుడతాయి. అందుచేత పాత అలవాటులో పావు భాగం విడిచి, కొత్తదానిలో పావు భాగం చేర్చుకొని, ఒంటికి పట్టిన తరువాత మరొక పావు, అలా నిదానంగా మారాలని చరకంలో ఉన్నది. కల్లు, పొగాకు మాన్పించడానికి నేను నలభై ఏళ్ళుగా వాడుతున్న సూత్రమిది. సైనిక వృత్తి నుంచి సేద్యానికి మారడానికీ ఇదే సూత్రమని నా నమ్మకం.

సైన్యంలో ఆజ్ఞ ఇస్తే పని జరుగుతుంది. పొలంలో వాన ఆజ్ఞ వినదు, ధర వినదు, దాయాది కూడా వినడు. పదిహేనేళ్ళు ఊరికి దూరంగా ఉన్నవానికి గట్టు ఎక్కడున్నదో కూడా తెలియకపోవచ్చు. కనుక మొదటి పావు నేల మీద కాదు, కాగితం మీద. పట్టాదారు పుస్తకం తన పేరున ఉన్నదా, సరిహద్దు కొలిచారా, బావిలో నీరు వేసవిలో ఎంత అన్నవి సెలవులలో వచ్చినప్పుడే చూసుకోవాలి. రెండవ పావు, ఉద్యోగ విరమణ తరువాత మొదటి ఏడాది. ఉన్న పొలంలో నాలుగవ వంతులోనే కొత్త పంట, మిగిలినదానిలో జొన్న, కంది వంటి ఊరెరిగిన పైర్లు. చేతి సొమ్ములోనూ నాలుగవ వంతుకు మించి నేలలో పెట్టరాదు. మూడవ పావు, రెండు పంటల లెక్క చూసిన తరువాతనే విస్తరణ. నాలుగవ పావు, పదిమంది కలిసి ఆరబెట్టే కళ్ళం, నిలువ గది, అమ్మకం.

పింఛను ఉన్న సైనికుడు ఇలా నిలకడగా నడవగలడు. పంట పోయినా నెలకు బియ్యం ఉంటాయి. సామాన్య రైతుకు లేని బలమిది. అగ్నివీరునికి ఆ పింఛను లేదు గనుక, అతడు రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. సేవానిధి చేతికి రాగానే వాకిట నిలిచే మొదటి మనిషి ఏదో ఒక పంట అమ్మజూపే దళారియే!

ఔషధ పంటలలో మెట్ట భూమికి పెన్నేరు, అంటే అశ్వగంధ, అనుకూలం. జూలై, ఆగస్టులలో విత్తితే 150 నుంచి 180 రోజులలో వేరు తవ్వవచ్చు. వెదజల్లితే ఎకరాకు నాలుగైదు కిలోల విత్తనం పడుతుంది. నీరు నిలవని ఎర్రనేల, ఇసుక కలిసిన నేల కావాలి. చివరి రోజులలో పొడి వాతావరణం ఉండాలి. అప్పుడు వాన పడితే వేరు చెడుతుంది. వేరు పొడవు, లావు, లోపలి తెలుపు చూసి తరగతులు కడతారు. దీనికి పెద్ద బజారు మధ్యప్రదేశ్‌లోని నీమచ్. నేలవేము వానకాలపు పైరు, మూడు నాలుగు నెలలలో పూత దశలో కోసి నీడన ఆరబెట్టాలి. తిప్పతీగను కాండం ముక్కలతో వేప చెట్ల మొదట, కంచె వెంట పెంచవచ్చు. వేప మీద ప్రాకిన తిప్పతీగనే మేము శ్రేష్ఠంగా భావిస్తాము. ఏ పంటైనా కొనేవాణ్ణి ముందు చూసి, తరువాతనే విత్తండి.

సలహాకు చోట్లు లేకపోలేదు. 2000 సంవత్సరంలో ఏర్పడిన జాతీయ ఔషధ మొక్కల మండలి, హైదరాబాదు బోడుప్పల్‌లోని సీమాప్ పరిశోధన కేంద్రం, జిల్లాలలో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. సైనికుల పునరావాస డైరెక్టరేటు విరమణకు ముందే శిక్షణలు ఇస్తుంది. నా మనవి ఒక్కటే. ఆ శిక్షణలో ఒక భాగం తరగతి గదిలో కాక, ఒక మంచి రైతు పొలంలో విత్తు నుంచి కోత వరకు జరగాలి. ప్రభుత్వ, దేవస్థాన ఔషధ శాలలు మాజీ సైనిక బృందాల నుంచి నాణ్యత పరీక్షించిన మూలికలను ముందుగా కుదిరిన ధరకు కొనాలి. 1965లో లాల్ బహదూర్ శాస్త్రిగారు జవానునూ కిసానునూ ఒకే నినాదంలో చేర్చారు. ఆ ఇద్దరూ ఒకే మనిషి అయినప్పుడు అతనికి బజారు చూపడం మన వంతు.

వైద్యునిగా మరొక హెచ్చరిక. సేద్యం దేహానికి మేలు చేస్తుంది గాని, చికిత్సకు బదులు కాదు. ఉలిక్కిపడి లేవడం, తరచు కోపం, నిద్రలేమి, మనుషులకు దూరంగా ఉండాలనిపించడం వంటివి ఉంటే సిగ్గుపడక వైద్యుణ్ణి చూడాలి. మాజీ సైనికులకు 2003 నుంచి ప్రత్యేక ఆరోగ్య పథకం కూడా ఉన్నది. మంచు ప్రదేశాలలో పనిచేసి కీళ్ళు పట్టేసినవారు రోజూ గోరువెచ్చని నువ్వుల నూనెతో అభ్యంగనం, పడుకునే ముందు అరికాళ్ళకు నూనె మర్దన చేసుకోవడం మంచిది. రాత్రి కాపలా తప్పనివారు, పోయిన నిద్రలో సగం కాలం మరునాటి ఉదయం భోజనానికి ముందు నిద్రించాలని వాగ్భటులవారి ఉపదేశం. కడుపు నింపుకొని పడుకోరాదు. పండించిన చేతితోనే అశ్వగంధ చూర్ణం ఎవరికివారు వాడుకోవద్దు. గర్భవతులు, థైరాయిడ్ మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగనిదే ముట్టరాదు.

గృహస్థులకు, గృహిణులకు రెండు మాటలు. మీ ఇంటి అల్లుడో తమ్ముడో సైన్యం నుంచి వచ్చి పొలం చేస్తానంటే, "ఇంత చదివి మట్టి పిసుకుతావా?" అనకండి. ఊరిలో మీ పొలం బీడు పడి ఉంటే, అటువంటివానికి న్యాయమైన కౌలుకు, కాగితం వ్రాసి మరీ ఇవ్వండి. మూలిక కొనేటప్పుడు ఇది ఎక్కడ పండింది అని అడగండి. ఆ ప్రశ్న పదిమంది అడిగితే కల్తీ దుకాణం మూతపడుతుంది.

ఆ హవల్దారుగారి మాట చెప్పి ముగిస్తాను. ఆయనకు ఔషధంతో పాటు పాదాంశ క్రమమూ చెప్పాను. కాపలా పని వెంటనే మానవద్దన్నాను. మరుసటి వానకాలంలో ఒక్క ఎకరంలో పెన్నేరు, తక్కిన మూడింట కంది, జొన్న వేశారు. మూడవ ఏట సరిగా తవ్వే రోజులలో వాన పడి వేరు నల్లబడింది. ఎకరం పంట పోయింది. ఆయన వచ్చి, "ఒక్క ఎకరమే కదండి" అని నవ్వారు. కాపలా మానినది ఆ మరుసటి ఏడాదే. అప్పు తీరడానికి ఆరేళ్ళు పట్టింది. ధనవంతులు కాలేదు. కాని నేటికీ నా ఔషధశాలకు వచ్చే పెన్నేరు వేళ్ళలో నేను వాసన చూడకుండా తీసుకునే మూట ఆయనదొక్కటే. రాత్రి తొమ్మిదింటికి పడుకుంటే తెల్లవారుజామునే మెలకువ అట. ఆ నిద్రకు నేను వ్రాసిన చూర్ణం ఎంత కారణమో, ఆయన పొలం ఎంత కారణమో విడదీసి చెప్పమంటే, నేను పొలానికే మూడు పాదాలు ఇస్తాను.