బ్లాక్‌పింక్ మొదటి ఆల్బమ్ 2018లోనే రావాల్సింది



పోస్టు కొంచెం పెద్దది. మన గ్రూపులో జీవో 3 గురించి, పోడు పట్టాల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఈసారి కొరియా అమ్మాయిల పాటల గ్రూపు గురించి రాస్తున్నాను. దీనికీ మనకీ సంబంధం ఏంటని తిట్టుకోకుండా చివరిదాకా చదవండి. సంబంధం ఉంది.

బ్లాక్‌పింక్ అంటే జిసూ, జెన్నీ, రోజే, లిసా. వైజీ ఎంటర్‌టైన్‌మెంట్ అనే కంపెనీలో నాలుగు నుంచి ఆరేళ్లు ట్రైనింగ్ చేశాక 2016 ఆగస్టు 8న జనం ముందుకొచ్చారు. మన ఆదివాసీ దినోత్సవానికి సరిగ్గా ఒకరోజు ముందు, అందుకే ఆ తేదీ నాకు గుర్తుండిపోయింది. కానీ వాళ్ల మొదటి పూర్తి ఆల్బమ్ 'ది ఆల్బమ్' వచ్చింది 2020 అక్టోబర్ 2న. మధ్యలో నాలుగేళ్లు దాటిపోయాయి. పోనీ నాలుగేళ్లకి తగ్గట్టు ఉందా అంటే 8 పాటలు, మొత్తం కలిపి 24 నిమిషాలు. వాటిలో 'హౌ యు లైక్ దట్', 'ఐస్ క్రీమ్' అంతకుముందే బయటికొచ్చేశాయి. అంటే అన్నేళ్లు ఎదురుచూసినోళ్లకి ఆ రోజు కొత్తగా దొరికినవి ఆరు పాటలే.

పాటలు బాలేవని నేను అనట్లేదు. 'లవ్‌సిక్ గర్ల్స్' నాకు చాలా ఇష్టం. పది లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి, అమెరికా బిల్‌బోర్డ్ 200 లిస్టులో 2వ స్థానం వచ్చింది. నేననేది ఒక్కటే. ఈ గ్రూపు మొదటి ఆల్బమ్ 2018 జూన్ 15న రావాల్సింది. అప్పటికి కావాల్సిన సరుకంతా కంపెనీ చేతిలోనే ఉంది.

లెక్క చూడండి. 2016 ఆగస్టులో 'విజిల్', 'బూంబయా'. నవంబర్‌లో 'ప్లేయింగ్ విత్ ఫైర్', 'స్టే'. 2017 జూన్‌లో 'యాజ్ ఇఫ్ ఇట్స్ యువర్ లాస్ట్'. 2018 జూన్ 15న 'స్క్వేర్ అప్' అనే మినీ ఆల్బమ్‌లో 'డుడు డుడు'తో కలిపి నాలుగు. మొత్తం తొమ్మిది. రెండేళ్ల తర్వాత వచ్చిన పూర్తి ఆల్బమ్‌లో ఉన్నది ఎనిమిదే! మరి తొమ్మిది ఉన్నరోజు ఆల్బమ్ ఎందుకు కాలేదు?

పాత పాటలు మళ్లీ వేస్తే ఎవరు కొంటారు అని అడగొచ్చు. అదే కంపెనీ అంతకుముందు 2ఎన్ఈ1 అనే అమ్మాయిల గ్రూపుతో ఆ పని చేసింది కదా. వాళ్లు 2009లో వచ్చారు, 2010 సెప్టెంబర్‌కే 'టు ఎనీవన్' అనే పూర్తి ఆల్బమ్ వచ్చేసింది. 12 ట్రాకులు. ముందే విడుదలైన 'ట్రై టు ఫాలో మీ' అందులో ఉంది. పార్క్ బోమ్ ఒక్కతే పాడిన 'యు అండ్ ఐ' ఉంది. ఒక్క పాట మీదే భారం వేయకుండా మూడు పాటల్ని ఒకేసారి ముందుపెట్టారు. అంటే దారి కంపెనీకి తెలుసు.

ఇంకో విషయం. 2017 ఆగస్టు 30న జపాన్‌లో బ్లాక్‌పింక్ పేరుతోనే ఒక డిస్కు వచ్చింది. అప్పటిదాకా వచ్చిన ఐదు పాటల్నీ జపనీస్‌లో పాడించి ఒకచోట చేర్చారు. పక్కదేశం వాళ్లకి ఒక మూటగా కట్టి ఇచ్చినదాన్ని సొంత ఊళ్లో మాత్రం చిల్లరగా పంచారన్నమాట.

కంపెనీ వైపు నుంచి కూడా ఆలోచిద్దాం. కొరియాలో ఆల్బమ్ వస్తే ఒక పాటనే టీవీ షోల్లో, వీడియోలో ముందుపెడతారు. మిగతావి లోపల ఉండిపోతాయి. ఒక్కొక్కటిగా వదిలితే ప్రతి పాటకీ ఒక పండగ. పైగా దాదాపు ప్రతి పాట వెనకా టెడ్డీ అనే ఒక్క నిర్మాతే ఉన్నాడు, ఒక్క మనిషి ఎన్నని చేస్తాడు? ఆ పద్ధతి పనిచేసింది కూడా. 'డుడు డుడు' వీడియో వంద కోట్ల వ్యూస్ దాటింది, కొరియా గ్రూపుల్లో ఆ లెక్క దాటిన మొదటి వీడియో అదే. ఆకలితో ఉంచితే అన్నం రుచిగా ఉంటుంది, నిజమే. కానీ ఆకలితో ఉన్నోడికి గిన్నెలో ఏముందో మొత్తం తెలీదు. నాలుగేళ్లు 'హిట్టు' మాత్రమే విన్నాం. ఆ నలుగురు ఎవరో, ఒక్కొక్కళ్లకి ఏం చెప్పాలనుందో వినలేదు.

అందుకే నా ఊహలో ఆ ఆల్బమ్ ఇలా ఉంటుంది.

తేదీ అదే, 2018 జూన్ 15. మొదటి పాట 'విజిల్', ఎందుకంటే అది మెల్లగా పిలుస్తుంది, అరవదు. 'డుడు డుడు' మధ్యలో. ఆ తొమ్మిదికి ఇంకో నాలుగు కలపాలి, ఒక్కొక్కళ్లకి ఒక సొంత పాట. జెన్నీ 'సోలో' ఎలాగూ అదే ఏడాది నవంబర్‌లో వచ్చింది, ఐదు నెలలు ముందుకు జరిపితే సరిపోయేది. మిగతా ముగ్గురి వంతు ఎప్పుడొచ్చిందో తెలుసా? రోజేకి, లిసాకి 2021లో, జిసూకి 2023లో. మొదటి టూర్‌లో జెన్నీ తన సొంత పాట పాడుతుంటే జిసూ, రోజే వేరేవాళ్ల పాటలు పాడారు. జెన్నీ తప్పేం లేదు అందులో. నలుగురికీ ఒకేరోజు ఒకే డిస్కులో చోటిస్తే ఎవరు ముందు ఎవరు వెనక అనే గొడవే రాదు. చివరి పాట 'స్టే'. డ్రమ్ముల మోత తగ్గి గొంతులే మిగిలే పాట అది, ఆల్బమ్ అలా ముగిస్తే బాగుంటుంది.

లిసా పాటలో కొన్ని వరసలైనా థాయ్‌లో ఉండాలి. ఆమె థాయ్‌లాండ్‌లోని బురీరామ్ నుంచి వచ్చిన పిల్ల. 'ది ఆల్బమ్'లో ఇంగ్లీషు బోలెడంత ఉంది, 'బెట్ యు వానా' పూర్తిగా ఇంగ్లీషే. థాయ్ మాత్రం లేదు. 2021లో సొంత పాట 'లలిసా' వీడియోలో థాయ్ కిరీటం పెట్టుకుని కనిపిస్తే ఆ దేశం మొత్తం పొంగిపోయింది. ఆ ఆనందాన్ని ఐదేళ్లు ఆపాల్సిన అవసరం ఏముంది?

ఇక రాసినవాళ్ల పేర్లు. 'ది ఆల్బమ్' పాటల్లో 'లవ్‌సిక్ గర్ల్స్' దగ్గరే జిసూ, జెన్నీ పేర్లు కనిపిస్తాయి. నాకు ఆ పాట ఎందుకు వేరేగా వినిపిస్తుందో పేర్లు చూశాకే అర్థమైంది. మొదటి ఆల్బమ్ నుంచే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని రాయిస్తే 2020 నాటికి రెండో ఆల్బమ్ వచ్చేది, అది ఇంకా వాళ్లదిగా ఉండేది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

మనల్ని బయటోళ్లు చూసేది కూడా ఇట్లాగే, ముక్కలుగా. గెస్టులు వచ్చినప్పుడు స్టేజీ మీద ఐదు నిమిషాలు థింసా. నెమలి ఈకల టోపీతో గుస్సాడీ ఫొటో ఒకటి. పెళ్లిలో రాత్రంతా పాడే పాటలోంచి ఒక్క చరణం తీసి, డీజే కలిపి యూట్యూబ్‌లో పెడతారు. అది హిట్టవుతుంది కూడా. పాడిన అవ్వ పేరు ఎక్కడా ఉండదు. ఆ చరణం ముందు ఏముందో, తర్వాత ఏముందో ఎవరూ అడగరు. పద్మశ్రీ వచ్చిన కోయ డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు పాడింది కోయ వీరుల కథలు. కథలోంచి ఒక ముక్క తీసి వినిపిస్తే డోలు మోత వినబడుద్ది గానీ ఆ వీరుడు ఎవరి బిడ్డో, ఎవరి కోసం పోరాడాడో తెలీదు.

హిట్టు పాటకి చప్పట్లు కొడతారు. మొత్తం వింటేనే మనిషిని గుర్తుపడతారు. ఆల్బమ్ అంటే నాకు అర్థమైంది ఇదే. అంత డబ్బు, అంత పేరు ఉన్న నలుగురు అమ్మాయిలకే తమని మొత్తంగా వినిపించుకోడానికి నాలుగేళ్లు పట్టింది, ఎందుకంటే ఎప్పుడు, ఎంత వదలాలో చెప్పేది వాళ్లు కాదు. మనకి కంపెనీ లేదు, అది లోటే. కానీ తేదీ చెప్పేవాడు కూడా మన నెత్తిమీద లేడు.

మన గ్రూపులో పాడే అక్కలు, చెల్లెళ్లు ఉన్నారు. రికార్డింగ్ వచ్చిన తమ్ముళ్లు ఉన్నారు. ఒక హిట్టు కోసం ఒక పాటకి మ్యూజిక్ కొట్టించి పదివేలు ఖర్చుపెట్టే బదులు, ఒక ఊరి పాటలు ఎనిమిదో పదో ఉన్నవి ఉన్నట్టు, కువిలో అయితే కువిలో, గోండిలో అయితే గోండిలో, సవరలో అయితే సవరలో రికార్డు చేద్దాం. వరస పాడేవాళ్లనే నిర్ణయించమందాం. ప్రతి పాట కింద పాడినోళ్ల పేరు, ఊరు పేరు రాద్దాం. అన్నీ ఒకేరోజు వదులుదాం. వ్యూస్ వందే రావొచ్చు. రానీయండి. ఆ వందమందికి మనం ఎవరమో మొత్తంగా తెలుస్తుంది.

ఆగస్టు 9కి ఇంకా టైముంది. ఎవరి ఊరి పాటలతో మొదలుపెడదామో చెప్పండి.

జోహార్.