కోయ గూడెములకు దుప్పట్లతో వెళ్లే ముందు



ఈ క్రిస్మస్‌కు చింతూరు వైపు కోయ గూడెములకు వెళ్లి, దుప్పట్లు పంచి, సువార్త చెప్పి రావాలని మన యవనస్థులు అడుగుతున్నారు. వారి ఆశను బట్టి దేవుని స్తుతిస్తున్నాము. అయితే తెల్లవారుజామున వ్యానులో బయలుదేరి, మైకుసెట్టు పెట్టి, నాలుగు తెలుగు పాటలు పాడి, ఫొటోలు దిగి రాత్రికి ఇల్లు చేరడాన్ని పరిచర్య అనడానికి మాకు మనసు ఒప్పడం లేదు.

అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయము తీయండి. లుస్త్రలో కుంటివాడు లేచి నడిచాడు. జనము లుకయొనియ భాషలో కేకలు వేశారు. ఆ కేకల అర్థము అపొస్తలులకు వెంటనే తెలిసినట్టు కనబడదు. పూజారి ఎడ్లను, పూదండలను తెచ్చేదాకా సంగతి ముదిరిపోయింది. క్రీస్తును ప్రకటించ వెళ్లినవారు అక్కడ ద్యుపతి, హెర్మే అయిపోయారు! బట్టలు చింపుకొని ఆపవలసి వచ్చింది. కట్టలకొద్దీ దుప్పట్లతో వ్యాను దిగేవారిని గూడెములో ఏమనుకుంటారు? దొరలొచ్చారనుకుంటారు. మనమైతే బట్టలు చింపుకోము, ఫొటోకు నిలబడతాము.

"కోయవారికి తెలుగు వచ్చు కదా అయ్యగారూ" అని పెద్దలలో ఒకరు అన్నారు. వచ్చు. సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్మడానికి సరిపోయేంత చాలామందికి వచ్చు. కాని ఇంట్లో బిడ్డను జోకొట్టేది, చనిపోయినవారిని తలచుకొని ఏడ్చేది కోయలో. అది తెలుగులో ఒక యాస కాదు, గోండికి దగ్గరి భాష. సంతభాషలో మనిషి తన పాపము ఒప్పుకోగలడా? జాన్ కెయిన్ అనే మిషనరీ దుమ్ముగూడెంలో ఏళ్ల తరబడి ఉండి లూకా సువార్తను కోయలోకి తెచ్చారు. అది 1889లో అచ్చయింది.

మన సంగతి కూడా చూడండి. అజరయ్య గారు తమిళులు. తిరునెల్వేలి విశ్వాసులు 1903లో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున 1909లో దోర్నకల్ వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో, మిషనరీలు మాకు ఎంతో ఇచ్చారు గాని స్నేహము కూడా ఇవ్వండని నిర్భయముగా అడిగినది ఆయనే. "ముందు మీరు తమిళము నేర్చుకోండి, తరువాత క్రీస్తును గూర్చి చెబుతాను" అని ఆయన అని ఉంటే మన తాతల గతి ఏమిటి? ఆయన కట్టించిన దోర్నకల్ దేవాలయములో మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాల పోకడ రెండూ కనబడతాయి.

ఇలాగైతే విగ్రహారాధన కూడా లోపలికి వస్తుందని భయపడేవారున్నారు. ఆ భయము ఊరికే కొట్టిపారేయదగినది కాదు. యెరూషలేము సభ (అపొ. 15) అన్యజనుల మీద సున్నతి భారము మోపలేదు గాని, విగ్రహములకు అర్పించినవి మానుమని కూడా చెప్పింది. విత్తనాల పండుగలో బలి వేరు, డోలు వేరు. ఏది ఉంచాలో ఏది విడువాలో అక్కడి విశ్వాసులే వాక్యము తెరిచి, ప్రార్థించి తేల్చుకోవాలి. (మన ఆరాధనలో మోగే తబలా ఏ బైబిలు ఊరినుండి వచ్చిందో చెప్పండి!)

కాబట్టి మా అభిప్రాయము ఇది. దుప్పట్ల కానుకతో ఇద్దరు యవనస్థులను ఆరు నెలలు అక్కడి కోయ విశ్వాసుల దగ్గర ఉంచుదాము. బోధించడానికి కాదు, భాష నేర్చుకోవడానికి, వారితో పొలము పనికి వెళ్లడానికి. ఏ ఇంట చలికి దుప్పటి లేదో అప్పుడు వారికే తెలుస్తుంది, అడిగినన్ని పంపుదాము. వెళ్లగోరేవారు తల్లిదండ్రుల సమ్మతితో ఆదివారము ఆరాధన తరువాత సంఘ పెద్దల దగ్గర పేర్లు ఇవ్వండి.