వృక్షభక్తి – వృక్షరక్ష

ఐరోపా పశ్చిమ భాగంలో నివసించిన ప్రాచీన కెల్టు జాతులకు వృక్షం కేవలం వంటచెరకు కాదు, పవిత్ర వస్తువు. 1వ శతాబ్దపు రోమను రచయిత ప్లినీ వారి పురోహితులైన డ్రూయిడుల ఆచారాన్ని వర్ణించాడు. ఓక్ చెట్టుపై పెరిగే బదనికను, చంద్రుని ఆరవ దినాన, శ్వేతవస్త్రధారియైన పురోహితుడు బంగారు కొడవలితో కోసేవాడట.

ఐర్లండులో క్రైస్తవం వ్యాపించిన తరువాత కూడా ఈ గౌరవం నశించలేదు. డెరీ అనే నగరనామానికి ఓక్ వనమని, కిల్డేర్‌కు ఓక్ చెంతనున్న చర్చి అని అర్థం. పవిత్రమైన బావుల చెంత చెట్లకు గుడ్డపేలికలు కట్టి రోగవిముక్తిని కోరే ఆచారం నేటికీ అక్కడ ఉన్నది. దర్గాల వద్ద చెట్లకు దారాలు కట్టడం చూచిన మన విద్యార్థులకు ఇది వింతగా తోచదు.

అయితే ప్రాచీనమని చెప్పినదెల్లా ప్రాచీనం కాదు. 13 నెలలకు 13 చెట్లను కేటాయించి జన్మఫలాలు చెప్పే ‘కెల్టు వృక్ష పంచాంగం’ ఒకటి ప్రచారంలో ఉన్నది. అది ఆంగ్లకవి రాబర్ట్ గ్రేవ్స్ 1948లో ప్రచురించిన ‘ది వైట్ గాడెస్’ గ్రంథంలోని కల్పన. ప్రాచీన ఓఘం లిపిలో కొన్ని అక్షరాలకు చెట్ల పేర్లున్న మాట నిజమే. అంతమాత్రాన పంచాంగం పుట్టదు.

మమ్మల్ని ఆకర్షించినది మరొకటి. 8వ శతాబ్ది నాటి ఐరిష్ ధర్మశాస్త్రం 28 రకాల చెట్లను, పొదలను 4 తరగతులుగా విభజించి, పరుల చెట్టుకు హాని చేసినవానికి తరగతిని బట్టి పశువుల రూపంలో జరిమానా విధించింది. అక్కడ భక్తి శాసనంగా మారినది. 17వ శతాబ్దంలో ఆంగ్లేయ పాలన ఆ ధర్మాన్ని తొలగించింది. జానపదుల నమ్మకాలు మిగిలాయి, అడవులు మిగలలేదు. 20వ శతాబ్ది ఆరంభానికి అడవి దేశవిస్తీర్ణంలో నూటికి 1 వంతు ప్రాంతానికి దిగజారింది.

1999లో క్లేర్ ప్రాంతంలోని లాటూన్ వద్ద, యక్షిణుల నెలవని ప్రతీతిగల ఒక ముళ్లచెట్టు కొత్త రహదారికి అడ్డు వచ్చింది. జానపద కథకుడు ఎడ్డీ లెనిహన్ పట్టుదలతో ఆందోళన చేయగా అధికారులు ఆ చెట్టును నిలిపి ఉంచారు. సంతోషమే. కాని నమ్మకం ఒంటరి చెట్టును కాపాడగలదు; అడవిని కాపాడవలసినది నియమమే.

చెట్టును పూజించడం మా విశ్వాసం కాదు. ఆరాధన సృష్టికర్తకే చెందుతుంది. అయినా ముస్లిం నాటిన మొక్క ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతనికి సదఖా అవుతుందని ప్రవక్త మహనీయులు బోధించారు. పూజకు, నిర్లక్ష్యానికి నడుమ బాధ్యత అనే మార్గం ఒకటి ఉన్నది.

అందువల్ల కళాశాల కమిటీవారికి మాదొక మనవి. ఆవరణలో ఏ చెట్టును తొలగించవలసి వచ్చినా, ముందుగా కారణాన్ని వ్రాతపూర్వకంగా తెలిపి, సమావేశంలో చర్చించే నియమాన్ని ఏర్పరచండి. విద్యార్థులారా, నాటిన మొక్కకు మూడు వేసవులు నీరు పోయండి. ఉపన్యాసాల కంటె ఆ నీరే మిన్న.