తరగతులు ఐదు, టీచరు ఒక్కరు

పిల్లలు 16 మంది, టీచరు ఒక్కరు. నిష్పత్తి లెక్కన చూస్తే ఇంతకన్నా భాగ్యవంతమైన బడి ఉండదు. లక్షల్లో ఫీజులు గుంజే కార్పొరేట్ స్కూళ్లలోనూ ఈ వసతి దొరకదు. కానీ ఆ 16 మందీ ఐదు తరగతుల వాళ్లు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు. మూడు నుంచి ఐదు దాకా వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. కూడితే 18 పాఠాలు, చెప్పే గొంతు ఒకటే. ఒకటో తరగతి పిల్లాడి వేలు పట్టి ‘అ’ దిద్దించినంతసేపూ ఐదో తరగతి వాళ్లు నిన్న చేసిన భాగహారమే మళ్లీ చేస్తూ కూర్చోవాలి. మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్క, యాప్‌లో హాజరు, మండలంలో మీటింగు. ఆ టీచరుకు జ్వరమొస్తే పక్క ఊరి బడి నుంచి ఒకరిని సర్దుబాటు చేస్తారు. అప్పుడు పక్క ఊరి పిల్లలు ఒక్క టీచరుతో మిగులుతారు.

ఇది ఎక్కడో ఒకటీ అరా ఊళ్ల కథ కాదు. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఒకే టీచరున్న బడులు లక్ష దాటాయి. అందులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది: 12,912. అదే ఏడాది ఒక్క పిల్లా చేరని బడుల జాబితాలో పశ్చిమ బెంగాల్ తర్వాత పేరు తెలంగాణది: 2,245. మొదటి జాబితాలోని బడి రెండో జాబితాలోకి ఎలా జారుతుందో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఒక తేదీ నాటికి రిజిస్టరులో ఉన్న పేర్లు లెక్కిస్తారు. సంఖ్య తగ్గితే పోస్టు ‘సర్‌ప్లస్’ అవుతుంది, రేషనలైజేషన్‌లో వేరే ఊరికి పోతుంది. ఉన్న ఇద్దరిలో ఒకరు వెళ్లిపోయారని తెలిసి, వచ్చే జూన్‌లో మరో నలుగురు తల్లులు పిల్లల్ని ప్రైవేటు స్కూలు బస్సెక్కిస్తారు. మళ్లీ లెక్క, మళ్లీ కోత. పిల్లలు లేరని టీచరును తీసేయడం, టీచరు లేరని పిల్లలు పోవడం. ఏది ముందో తేల్చుకునేలోగా బడికి తాళం పడుతుంది.

చట్టం ఇలా చెప్పలేదు. 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూలులో, ఒకటి నుంచి ఐదు తరగతుల బడికి, 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు అని ఉంది. పదిమందే ఉన్నా ఇద్దరు. అంతకు చాలా ముందే, 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి ప్రాథమిక పాఠశాలకూ రెండో టీచరు ఉండాలనే అడిగింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ రెండో మనిషి కోసమే ఎదురుచూస్తున్నాం. నిష్పత్తి అనేది పెద్ద బడుల్లో కిక్కిరిసిన తరగతులు రాకుండా కాపాడటానికి పెట్టిన హద్దు. దాన్ని చిన్న బడుల మెడ మీద కత్తిగా వాడటం మన పాలకుల తెలివి. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ జీవో 117 తెచ్చి, 3, 4, 5 తరగతుల్ని దగ్గరలోని హైస్కూళ్లలో కలిపింది; ఆ తర్వాతి ప్రభుత్వం 2025లో దాన్ని రద్దు చేసి, ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికో టీచరు అంది. తరగతికో టీచరు అన్న మాట బంగారం. కాకపోతే అది కూడా ముందు పిల్లలు ఉన్న చోటికే వెళ్తుంది. ఉన్న వాడికే వడ్డన.

నల్లమలలో ఒక చెంచుగూడెం సంగతి ఆలోచించండి. అక్కడున్నదే పాతిక ఇళ్లు. పిల్లలు పదిమందికి మించి ఉండరు, ఎప్పటికీ ఉండరు. ఎవరూ ఎటూ పోలేదు, ప్రైవేటు బస్సు ఆ దారిలో రాదు. మైదానంలో బస్సెక్కి పోయిన పిల్లల వల్ల ఖాళీ అయిన బడినీ, ఆ గూడెం బడినీ ఒకే గీతతో కొలిచే లెక్కలో న్యాయం ఎక్కడుంది?

ఇంతవరకు ప్రభుత్వాల పాపం. మన వాటా కూడా ఉంది, అది మాట్లాడుకోవడానికే ఇదంతా. పుస్తెలు తాకట్టు పెట్టి ఫీజు కట్టే కూలితల్లిని ఎవరూ తప్పు పట్టకూడదు. ఊరి బడిలో టీచరు కనిపించకే ఆమె వెళ్లింది. ఊరి బడి వదిలి ముందుగా వెళ్లింది ఆమె కాదు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు వెళ్లారు, ఉద్యోగస్తులు వెళ్లారు, ఎంఈఓను నిలదీయగల గొంతులు వెళ్లాయి. పిల్లలతోపాటు ఆ గొంతులూ పోవడం వల్లే కోత సులువైంది. మిగిలింది ఎవరో ఒకసారి ఆ రిజిస్టరు తిరగేస్తే తెలుస్తుంది: వాడ పిల్లలు, వలస కూలీల పిల్లలు, అన్నను ప్రైవేటుకు పంపిన ఇంటి చెల్లెళ్లు. మన బిడ్డ పేరు ఆ రిజిస్టరులోంచి తీసినప్పుడు పక్కింటి బిడ్డ టీచరుకు కూడా కొంత కత్తెర వేశామన్న సంగతి మనకు తోచదు. తోచాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పోస్టు నిలబెట్టుకోవడానికి, బస్సెక్కి పోయిన పిల్లాడి ఆధార్ తెచ్చి పేరు ఉంచే పని అక్కడక్కడా జరుగుతూనే ఉంది. ఆ కష్టం అర్థమవుతుంది. కానీ దొంగ పేరు దొరికిన రోజు, నిజంగా ఉన్న పదిమంది కూడా అనుమానం కిందికి వస్తారు. బడిబాటలో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పంపమని బతిమాలేటప్పుడు ‘సారూ, మీ పిల్లలెక్కడ?’ అని ఎవరైనా అడిగితే ఏం చెబుతారో ముందే ఆలోచించుకోండి. ఆ ప్రశ్న టీచర్లను మాత్రమే అడగడం అన్యాయం, కలెక్టరునూ ఎమ్మెల్యేనూ ఎవరూ అడగరు కదా. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు అడిగింది. సర్కారు జీతం తీసుకునే వాళ్లంతా తమ పిల్లల్ని సర్కారు ప్రాథమిక బడికే పంపాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి ఆదేశమిచ్చింది. అది అమలు కాలేదు. ఎందుకు కాలేదో వేరే చెప్పనక్కర్లేదు.

అందరూ రేపే పిల్లల్ని మార్చేయాలని అనడం లేదు. పిల్లల్ని ఎక్కడ చదివించినా బడి మీద పెత్తనం వదులుకోవద్దు. చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఆ కమిటీ సంతకాల పుస్తకంగా మారడానికి కారణం, వెనక ఊరు లేకపోవడం. గ్రామసభలో రోడ్లు, డ్రైనేజీ అయ్యాక ‘ఇతర అంశాలు’ అంటారే, అక్కడ ఎవరో ఒకరు లేచి మూడు సంగతులు రాయించాలి. ఐదు తరగతులున్న మా బడికి, పిల్లలు ఎంతమంది ఉన్నా, చట్టం చెప్పిన ఇద్దరికి తక్కువ కాకుండా టీచర్లు కావాలి. ఇచ్చిన టీచర్లను మూడేళ్లపాటు లెక్క పేరుతో కదపకూడదు. పోయిన పిల్లలు తిరిగి రావడానికి ఆ మాత్రం వ్యవధి పడుతుంది. సెలవు పెట్టిన టీచరు స్థానంలోకి పక్క బడిని ఖాళీ చేసి మనిషిని తేకుండా, మండలంలో రిజర్వు టీచర్లను ఉంచాలి. తీర్మానం కింద పిల్లలు ప్రైవేటులో చదువుతున్న వాళ్లు కూడా, వాళ్లే ముందుగా, సంతకం పెట్టి ప్రతి ఒకటి డీఈఓకు పంపాలి. పేర్లు లెక్కపెట్టే తేదీ రాకముందే పంపాలి.