వెనక సీటు, సముద్రపు ఒడ్డు

భార్యాభర్తలిద్దరూ మోటారుసైకిలెక్కి, వెనక గుడారం మూట కట్టుకుని, సముద్రం ఒడ్డున నాలుగైదు రోజులు తిరిగి రావడం ఇప్పుడు మన ప్రాంతంలో కూడా వింతేమీ కాదు. నెలజీతాల కుటుంబాల్లో పిల్లలు కాస్త ఎదిగొచ్చాక, లేదా పిల్లలు పుట్టకముందే, ఇలాంటి ప్రయాణాలు పెట్టుకుంటున్నారు. కత్తిపూడి దగ్గర మొదలై కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరే 216వ నంబరు జాతీయ రహదారి వీటికి అనువుగా ఉంది. గోదావరి పాయలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు, పెనుమూడి దగ్గర కృష్ణ మీద వారధి. చూడదగ్గ దారే. ఇదంతా కాస్త డబ్బున్నవాళ్ళ సరదా కదా, దీని గురించి మన పత్రికలో రాయడమేమిటి అని కొందరికి అనిపించవచ్చు. నాకలా అనిపించడం లేదు. స్త్రీకి తీరిక హక్కా కాదా, రోడ్డు ఎవరిది, ఒడ్డు ఎవరిది అన్న ప్రశ్నలన్నీ ఆ ఒక్క బండి మీదే ఎక్కి కూర్చున్నాయి.

స్వచ్ఛంద సంస్థలో పనిచేసే ఒక స్నేహితురాలు ఒక జనవరిలో భర్తతో కలిసి ఇలా వెళ్ళొచ్చింది. ఆమె రోజూ స్కూటరు మీద పల్లెలు తిరిగే మనిషి. సంఘం మీటింగుకైనా, పోలీసు స్టేషనుకైనా, కోర్టుకైనా తన బండి మీదే వెళుతుంది. అలాంటిది ఆ ఐదు రోజుల్లో ఒక్క గంట కూడా బండి నడపలేదు. ఎందుకని అడిగితే, "అది గేర్ల బండి కదా" అంది. అంతకుమించి చెప్పడానికేమీ లేనట్టుగా అంది.

నిజానికి చెప్పాల్సింది చాలా ఉంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్లు లేని బండికి ఒక లైసెన్సు, గేర్లున్న బండికి వేరొక లైసెన్సు. మన అమ్మాయిలకి ఇంట్లోవాళ్ళు ఇప్పించేది చాలావరకు మొదటిది. కాలేజీకి, ఆఫీసుకి, కూరగాయల బజారుకి అది చాలు. దూరప్రయాణాలకి పనికొచ్చే బండి మాత్రం మగవాడి పేరున, మగవాడి ఎత్తుకి తగ్గట్టు ఇంటికి వస్తుంది. ఆ తర్వాత "నీకు రాదుగా" అనడం ఎంత సులభం! చట్టం దృష్టిలో కూడా ఆమె ఆ బండి నడపకూడదు. ఊరి పొలిమేర దాకా ఆమె ముందు సీటు మనిషి. పొలిమేర దాటగానే వెనక సీటు మనిషి.

ఇది ఆడవాళ్ళ ఒంటికి సాధ్యంకాని పని అనేవాళ్ళకి జవాబు చాలాకాలం కిందటే వచ్చింది. 1934 డిసెంబరులో థెరిసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెన్‌కిరన్ అనే ఇద్దరు స్త్రీలు ఒక పాంథర్ మోటారుసైకిలు మీద లండన్‌లో బయల్దేరారు. దానికి పక్కబండి, వెనక సామాన్ల బండి తగిలించుకుని సహారా ఎడారి దాటి, 1935లో ఆఫ్రికా దక్షిణ కొసన కేప్‌టౌన్ చేరారు. అంత దూరం ఎందుకు, 2018లో మన హైదరాబాదు నుంచి నలుగురు స్త్రీలు మోటారుసైకిళ్ళ మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగి వచ్చారు. దాదాపు 17,000 కిలోమీటర్లు. ఈ వార్తలు చదివి చప్పట్లు కొట్టిన ఇళ్ళలోనే కోడలు గేర్ల బండి నేర్చుకుంటానంటే "ఇప్పుడెందుకు" అంటారు.

వెనక సీటు గురించి చట్టానికి కూడా ఒక ఊహ ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం, వెనక మనిషి కూర్చునే ప్రతి మోటారుసైకిలుకీ పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆధారం, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలి. మనం శారీ గార్డు అనేది దీన్నే. మంచి నియమమే. చున్నీ, చీర కొంగు చక్రంలో పడి ప్రాణాలు పోయిన కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. ఖరీదైన బండి కొన్న కుర్రాళ్ళు మొట్టమొదట ఊడదీయించేది కూడా ఆ గార్డునే, అందానికి అడ్డమని! ఇక హెల్మెట్ సంగతి. ఢిల్లీలో 2014 దాకా అది స్త్రీలకు తప్పనిసరి కాదు. ఆ ఏడాదే, సిక్కు స్త్రీలను మినహాయించి, మిగతా అందరికీ తప్పనిసరి చేశారు. అంతకాలం రాజధాని నగరంలో ఒకే బండి మీద వెళ్ళే ఇద్దరిలో ఒకరి తలకే చట్టం విలువ కట్టింది. మన ఊళ్ళలో ఈనాటికీ చూడండి, హెల్మెట్ అతని తల మీద, టిఫిన్ సంచీ, పిల్లవాడు ఆమె ఒళ్ళో.

గుడారం దగ్గరికొద్దాం. ఆరుబయట వంట, మంట, నక్షత్రాలు అని ఫోటోల్లో ఎంతో బాగుంటుంది. స్నేహితురాలు చెప్పిన లెక్క వేరు. గుడారం ఇద్దరూ కలిసి వేశారు. స్టవ్ వెలిగించింది, బియ్యం కడిగింది, గిన్నెలు ఇసకతో తోమి నీళ్ళకోసం బిందె పట్టుకుని వీధి కొళాయికి వెళ్ళింది ఆమె ఒక్కతే. అతను మంచివాడే, బండి చెయిన్‌కి నూనె రాసి, మర్నాటి దారి చూసుకుంటున్నాడు. అంతర్వేది దగ్గర చేపలు ఎండబెట్టుకుంటున్న ఒకావిడ చాలాసేపు వీళ్ళని చూసి, "వొండుకోడానికి ఇంత దూరం రావాలా అమ్మా?" అందట. కాసేపాగి, "మరి ఇంటి కాడ పనెవరు చూత్తన్నారు?" అని కూడా అడిగింది.

అత్తగారు చూస్తోంది. డెబ్భై ఏళ్ళావిడ. ఇద్దరు పిల్లలకి వండిపెట్టి, బడికి పంపుతోంది. కోడలి ఐదు రోజుల సెలవు అత్తగారికి ఐదు రోజుల అదనపు చాకిరీ అయింది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చిస్తుంటే, ఇంటిపని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. దాదాపు ఐదు గంటలు ఒక వైపు, గంటన్నర ఇంకో వైపు. ఆ లెక్క మనతోపాటే బండెక్కి సముద్రానికి కూడా వస్తుంది. దీనికి విరుగుడు ఆ అత్తగారికి చీర కొనుక్కురావడం అయితే కాదు. వెళ్ళేముందే పిల్లల పని ఎవరిదో, ఒడ్డున వంట ఏ పూట ఎవరిదో మాట్లాడుకోవాలి. తిరిగొచ్చాక అత్తగారు ఎక్కడికి వెళ్ళాలనుకుంటోందో కూడా ఎవరైనా అడగాలి.

మూత్రవిసర్జన గురించి రాయడానికి మనకింకా సిగ్గెందుకు? ప్రయాణంలో ఆడవాళ్ళని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది అదే. అతను ఎక్కడైనా బండి ఆపుకుంటాడు. ఆమె బంకు కోసం చూస్తుంది. బంకులో గది ఉంటుంది, దానికి తాళం ఉంటుంది, తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్ళి ఉంటాడు. అందుకని ఆమె నీళ్ళు తాగడం మానేస్తుంది. మన కోస్తా ఉక్కలో, హెల్మెట్ కింద, రోజుకి వంద కిలోమీటర్లు నీళ్ళు తాగకుండా! తర్వాత మంట, జ్వరం, మందులు. నెలసరి రోజులైతే చెప్పనక్కర్లేదు. 2019 తీరప్రాంత నియంత్రణ ప్రకటనలో ఒడ్డున తాత్కాలిక పాకలతోపాటు మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, తాగునీటి వసతి కట్టడానికి కూడా అనుమతించారు. మన జిల్లాల్లో ఒడ్డు వెంట వెళ్ళి చూస్తే తినుబండారాల పాకలు కనపడినంత తేలిగ్గా మిగతావి కనపడవు. పంచాయతీలను, పర్యాటక శాఖను ఈ సంగతి రాతపూర్వకంగా అడగడం మన సంఘాలు చేయగల పని. అది ఊళ్ళో ఆడవాళ్ళకీ పనికొస్తుంది.

భర్త పక్కనున్నాడు కాబట్టే నా స్నేహితురాలి ప్రయాణం ఈమాత్రమైనా సాగింది. అయినా ఒక పట్నంలో లాడ్జి గుమాస్తా ముందు ఆమె మెడ వైపు చూసి, తర్వాత కార్డులు అడిగాడు. బీచిలో రాత్రి గస్తీకొచ్చిన కానిస్టేబులు "పెళ్ళయిందా?" అని అతన్ని అడిగాడు, ఆమెని కాదు. పెళ్ళికాని జంట అయితే? ఇద్దరు స్త్రీలే అయితే? ఒంటరి స్త్రీ అయితే? పెళ్ళికాని ఇద్దరు వయోజనులు ఒక గదిలో ఉండటాన్ని నిషేధించే చట్టమేదీ లేదని మద్రాసు హైకోర్టు 2019 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరులందరికీ ఉంది. హోటళ్ళు, రోడ్లు, స్నానఘట్టాలు వంటి చోట్లకి లింగం కారణంగా రానివ్వకపోవడాన్ని 15వ అధికరణం ఒప్పుకోదు. ఇవి ఆ గుమాస్తాకి తెలియకపోవచ్చు, మనకి తెలిసి ఉండాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమయ్యాక "పనీపాటా లేక ఊళ్ళు తిరుగుతున్నారు" అని ఎన్ని వెటకారాలు విన్నాం! పనీపాటా లేకుండా తిరగడం మగవాడు చేస్తే షికారు. అదే షికారు మనకీ కావాలి, కారణం చెప్పకుండా.

ఇంతా అడిగేటప్పుడు ఒడ్డున ఉన్నవాళ్ళని మరచిపోతే మాత్రం మనకీ రిసార్టులవాళ్ళకీ తేడా ఉండదు. మనకి బీచి అయినది మత్స్యకార స్త్రీకి పని చేసుకునే చోటు. అక్కడే చేపలు ఎండుతాయి, వలలు ఆరతాయి, పడవ రాగానే వేలం పాట జరుగుతుంది. మరుగుదొడ్డి లేని ఇళ్ళ ఆడవాళ్ళకి తెల్లవారకముందు ఆ చీకటే చాటు. అక్కడ గుడారం వేసి దీపం పెడితే వాళ్ళు ఎక్కడికి పోవాలి? 1991లో వచ్చిన తీరప్రాంత నిబంధన ఆటుపోట్ల గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలను కట్టడి చేసింది. 2019 ప్రకటన, జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరాల్లో కట్టడాలు కూడని మేరని 50 మీటర్లకి కుదించింది. ఆ తగ్గిన మేరలో ఎవరి కంచెలు వస్తాయో ఊహించడం కష్టమేం కాదు. కంచె వచ్చిన చోట చేపలు ఎండబెట్టుకునేవాళ్ళు తట్ట ఎత్తుకుని ఇంకా దూరం నడవాలి.

వెళ్ళదలుచుకున్నవాళ్ళకి కొన్ని మాటలు. ఊళ్ళో ఆడవాళ్ళనడిగి, వాళ్ళు చూపించిన చోటే గుడారం వేయండి. జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, రాత్రి దీపాలు వాటిని, వాటి పిల్లల్ని దారి తప్పిస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో ఒడ్డున పడుకోవద్దు. 1977 నవంబరు 19న దివిసీమని, 1996 నవంబరు 6న కోనసీమని ముంచినవి ఆ కాలపు తుపానులే. తుపాను షెల్టరు ఎటువైపుందో పగలే చూసిపెట్టుకోండి.

నా స్నేహితురాలు గేర్ల బండి లైసెన్సుకి దరఖాస్తు పెట్టింది. ఆదివారాలు ఊరి బయట గ్రౌండులో నేర్చుకుంటోంది. క్లచ్ పట్టు ఇంకా దొరకలేదంటోంది. ఈసారి భీమిలి వైపు, వాళ్ళ ఆఫీసులోనే పనిచేసే ఇంకో ఇద్దరు స్త్రీలతో. పిల్లల్ని ఆ వారం భర్త చూస్తాడట. అత్తగారు కూతురింటికి వెళ్తానంది.